మా బ్యాటరీని తింటున్నదెవరు?

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోతలు కోసే అలవాటుంది. వంద మంది చుట్టాలు వస్తున్నారని నేను ఇంట్లో చెబితే మా ఆవిడ పాతిక మందికి ఎసరు పెడుతుంది. అందులోనూ సగం మిగిలి మర్నాటికి పులిహోర అవుతుంది. మీరూ అదే కొలత వాడుకోండి, నేనేమీ అనుకోను. అయితే ఒక్క మాట. సాగదీయడం వేరు, పుట్టించడం వేరు. గుప్పెడు బియ్యప్పిండితో ఊరందరికీ పూతరేకులు తీసే నేల మాది. పల్చగా పరవడం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు గానీ, ఆ గుప్పెడు పిండైనా ఉండాలి కదా. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో పిండి లేకుండా తీసిన రేకు ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. ఈలోగా మీరు అన్నిటినీ అనుమానించవచ్చు.

పుష్కరాలైన రెండేళ్ళకి జరిగిన సంగతి. అప్పుడు నేను ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తాని. కాలవలో ఆ పూట నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో కాలవ కాపలా చూసే లస్కరు వచ్చి చెబితే రిజిస్టరులో ఎక్కించడం నా ఉద్యోగం. మా ఆవిడ గోదావరి పాయకి అవతల, లంకలో, ఎలిమెంటరీ స్కూలు టీచరు. మా ఇంటి నుంచి రేవుకి కాలవగట్టు మీద తొమ్మిది కిలోమీటర్లు. రేవులో ఎనిమిదింబావుకి పంటు కదులుతుంది. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన తేలే అరుగే పంటు. మనుషులు, సైకిళ్ళు, గేదెలు, పెళ్ళివారు, అందరూ దానిమీదే దాటాలి. అది తప్పిపోతే మళ్ళీ గంటకి గానీ లేదు. ఆ గంటలో అవతలి ఒడ్డున బడి మొదలై, ఎక్కాలు కూడా పన్నెండో ఎక్కం దాకా వచ్చేసేవి.

ఆవిణ్ణి రేవులో దింపడం నా పని. దింపే వాహనం మా నాన్నగారి నుంచి నాకు దక్కిన మూడొందల యాభై సీసీ మోటారు సైకిలు. బరువులో చూడిగేదెకి ఒక్క కేజీ తక్కువ. మా వీధిలో స్టార్టు చేస్తే ధవళేశ్వరం ఆనకట్ట మీద పావురాలు లేచేవి. ఇప్పటి బళ్ళలా కాదు, దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడంకాలికి, ఇక బ్యాటరీయే ప్రాణం. ఆరు వోల్టుల బ్యాటరీ ఒకటి సీటు కింద పెట్టెలో కూచుని ఉంటుంది. అది నీరసిస్తే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టదు. నిప్పురవ్వ పుట్టకపోతే కిక్కు మీద మీరే కాదు, మీ వంశమంతా వరసలో నిలబడి ఎక్కి దిగినా బండి దగ్గుతుందే తప్ప పలకదు. హెడ్‌లైటు పైన చిన్న గడియారం లాంటి మీటరు ఉండేది. సూది ప్లస్ వైపు వాలితే బ్యాటరీ తింటోందని, మైనస్ వైపు వాలితే బ్యాటరీనే ఎవరో తింటున్నారని అర్థం.

మా ఇల్లు ఉమ్మడి ఇల్లు. మా అమ్మ, తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్లలు, మా పిల్లలు, వచ్చి నాలుగు రోజులుండి వెళ్తామని నాలుగేళ్ళయినా వెళ్ళని ఒక మేనత్త. మొత్తం మీద నలభై మంది అనుకోండి, మీ కొలత మీ దగ్గరే ఉందిగా. అందులో మొగుడూ పెళ్ళాం ఒక మాట మాట్లాడుకోవాలంటే చోటేదీ? అందుకే ఆ తొమ్మిది కిలోమీటర్లే మా సొంత గది. మా ఆవిడ కారేజీ ఒళ్ళో పెట్టుకుని వెనక పక్కకి తిరిగి కూచునేది. పిల్లాడి దగ్గు, హెడ్మాస్టరు గారి కోపం, మా మరదలు దాచిన నెయ్యి, ఆవిడకి ముందు రాత్రి వచ్చిన కల, అన్నీ అక్కడే. ఇంజను చప్పుడుకి వినపడదు గనక ఇద్దరం గొంతెత్తి అరుచుకునేవాళ్ళం. ఇంట్లో వాళ్ళకి తెలియకూడని సంగతులు అలా గట్టు పొడుగునా బట్టలుతికేవాళ్ళందరికీ తెలిసేవి. అయినా సరే, మాకది ఏకాంతమే.

ఆ ఏడు వానాకాలం నుంచీ బండికి నీరసం పట్టుకుంది. సోమవారం బ్యాటరీ చార్జింగు పెట్టించి తెస్తే బుధవారానికి హారను పిల్లికూన గొంతుతో పలికేది. గురువారం పొద్దున కిక్కుకి బదులు పలికేది కాదు. ఇంక తొయ్యడమే. మావాళ్ళ మర్యాద మీకు తెలుసుగా. దారిన పోయేవాడెవడూ చూస్తూ వెళ్ళిపోడు.

"ఏవండీ గుమస్తాగారూ, తోసెయ్యమంటారా?"

"తొయ్యండి బాబూ."

"ఆయ్. గేరులో ఉందాండి?"

"ఉందయ్యా."

"అయితే మీరు కూచోండి. అమ్మగారు దిగక్కర్లేదు. మేం లేవా!"

ఆవిడ దిగేసేదనుకోండి. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో, కారేజీ ఒక చేత్తో పట్టుకుని బండి వెనకాల పరిగెత్తేది. పాతిక గజాలకో, పావు మైలుకో బండి పలికితే మళ్ళీ ఎక్కేది. ఆ శ్రావణ, భాద్రపదాల్లో నన్ను తొయ్యని మగాడు గట్టు మీద లేడు. ఒక పెళ్ళికొడుకు బాసికంతో సహా తోశాడు.

మూడుసార్లు పంటు తప్పింది. హెడ్మాస్టరు గారు బైబిలు చేత పట్టుకుని నడిచే నెమ్మదస్తులు, చర్చిలో పెద్ద. ఆయన కేకలేసినా బాగుండేది. "అమ్మా, ప్రార్థన అయిపోయిందండి" అని మాత్రం అని, రిజిస్టరు ఆవిడ వైపు జరిపి కిటికీలోంచి చూసేవారట. మూడోసారి ఆవిడ ఆ రిజిస్టరులో సంతకం పెట్టి, సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, నా ముందు నిలబడింది.

"రేపట్నించి దసరా సెలవులు. మళ్ళీ సోమవారం బడి తీస్తారు. ఆ రోజే ఇన్‌స్పెక్షన్."

"ఊఁ."

"మా అన్నయ్య రావులపాలెంలో మోపెడ్ ఒకటి చూసి ఉంచాడు. నేనే నేర్చుకుని నడుపుకుంటాను. ఈ సోమవారం ఒక్కసారికి మీ బండి మీద వస్తాను. దార్లో ఆగిందా, మంగళవారం నుంచి నా బండి నాది. మీది ఇనపకొట్టుకి."

"నువ్వు నడుపుతావా! గట్టు మీద!"

"తోసుకుంటూ పరిగెత్తగా లేంది, కూచుని నడపలేనా?"

ఇనపకొట్టు మాట అటుంచండి. ఆవిడ మోపెడ్ ఎక్కి వెళ్ళిపోతే ఆ తొమ్మిది కిలోమీటర్లు పోతాయి. ఆవిడకి రాత్రి ఏం కల వచ్చిందో నాకు ఇంకెక్కడ తెలుస్తుంది? మంచం మీద నుంచి లేచాను. లేచి, లుంగీ ఎగ్గట్టి, ఈ సోమవారం లోపల ఆ బ్యాటరీని తింటున్నదెవరో పట్టుకోకపోతే నేను గుమస్తానే కాదని మనసులో ఒట్టేసుకున్నాను. బయటికి అనలేదు, మేనత్త వింటోంది.

మర్నాడు సీటు విప్పి బ్యాటరీ బయటికి తీశాను. గొట్టాల మూతలు తీసి చూస్తే లోపల నీళ్ళు పలకల కిందికి దిగిపోయి ఉన్నాయి. డిస్టిల్డ్ వాటరు తేవాలన్నాను. మా అమ్మ దేవుడి గదిలోకి వెళ్ళి, సీలు వేసిన రాగిచెంబు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"పుష్కరాల్లో పట్టిన గోదావరి నీళ్ళురా. వీటికన్నా శుద్ధమైన నీళ్ళు ఉంటాయేంట్రా నీ బండికి?"

"అమ్మా, అందులో ఉప్పూ సున్నం ఉండకూడదే."

"గంగమ్మ తల్లిని పట్టుకుని ఉప్పంటావేంట్రా! పోసి చూడు. నువ్వు పుట్టినప్పుడు నీ నోట్లోనూ గోదావరి నీళ్ళే పోశాను."

"అందుకే నాకూ చార్జింగు నిలవట్లేదు" అన్నాను. చెంబు లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట నాకు కూర కూడా వెయ్యలేదు.

డిస్టిల్డ్ వాటరు తెచ్చి పోశాను. తరవాత కొసలు చూశాను. వైర్లు బిగించే చోట పచ్చగా, తెల్లగా బూజు, కాలీఫ్లవరు పువ్వంత పూసి ఉంది. వేణ్ణీళ్ళలో వంటసోడా కలిపి పోస్తే బుసబుసా పొంగింది. బుడగలు అణిగాక పాత పళ్ళబ్రష్షుతో తోమి, తుడిచి, బిగించి, పైన వేజలీను రాశాను. ఆ వంటసోడా మా ఆవిడ బజ్జీలకని దాచుకున్నది. సంగతి తెలిశాక, "బజ్జీల్లేవు గానీ బ్యాటరీ పొంగిందా?" అని అడిగింది. పొంగింది. సూది మాత్రం లేవలేదు.

మూడో రోజున బ్యాటరీని సంచిలో పెట్టుకుని రావులపాలెం బస్సెక్కాను. పురిట్లో బిడ్డని పట్టుకున్నట్టు ఒళ్ళో నిలువుగా పట్టుకుని కూచున్నాను, ఒరిగితే యాసిడ్ కారుతుందని. పక్కన కూచున్న పెద్దావిడ, "జాగ్రత్త బాబూ, మెడ నిలబడలేదా ఇంకా?" అంది. దిగేసరికి నా పాంటుకి మోకాలి దగ్గర మూడు కన్నాలు. బ్యాటరీ కొట్టాయన వాటిని చూసి నన్ను సాటి వృత్తివాణ్ణిగా గుర్తించాడు. ఆయన చొక్కాకి కన్నాలే ఎక్కువ, గుడ్డ తక్కువ. రోజుకి మూడు మాటలు మించి మాట్లాడే మనిషి కాదు. గాజు గొట్టం ముంచి యాసిడు పీల్చి, లోపల తేలే బుడ్డి ఎంత లేచిందో వెలుగుకి పట్టి చూసి, మర్నాటి దాకా చార్జింగులో ఉంచి, నేను వెళ్ళేసరికి మళ్ళీ చూసి చెప్పాడు.

"బ్యాటరీ బానే ఉందండి."

"మరి నిలవదేం?"

"ఎవరో తింటన్నారండి."

"ఎవరు?"

"బండిలోనే ఉంటారండి."

దొంగ ఇంట్లోనే ఉన్నాడన్నమాట. ఇంటికొచ్చి ఒక్కొక్క అనుమానితుణ్ణీ బయటికి లాగాను. హారను వైరు పీకేశాను. పార్కింగు బల్బు తీసేశాను. హెడ్‌లైటు బల్బు తీసి మా ఆవిడ పోపుల డబ్బాలో భద్రం చేశాను. తాళం తీసేసి బండిని ఒక రోజంతా కదపకుండా ఉంచాను. మర్నాడు ఒక్క కిక్కుకి పలికింది. అంటే నిలబెట్టినప్పుడు ఎవరూ తినడం లేదు. సెంటర్ స్టాండు వేసి పెరట్లోనే ఇంజను ఆడించాను. సూది బుద్ధిగా ప్లస్ వైపే ఉంది. సరే అని గట్టెక్కాను. వంద గజాలు పోగానే సూది మైనస్‌లోకి పడిపోయింది. ఆపి, కాళ్ళు దింపి, ఎక్సిలేటరు కొంచెం తిప్పాను. ప్లస్! కదిలాను. మైనస్! అచ్చం మా తమ్ముడి తంతు. ఇంట్లో ఉన్నంతసేపూ రాముడు, గడప దాటితే పేకాట.

శుక్రవారం బండేసుకునే రావులపాలెం వెళ్ళాను. తోయించుకుంటూ వెళ్ళాననుకోండి. కొట్టాయన స్టాండు మీద ఇంజను ఆడించి చూశాడు. ప్లస్. పెడలు నొక్కి వెనక చూశాడు. ఎర్ర లైటు వెలిగింది. వదిలాడు. ఆరింది.

"బ్రేకు లైటు బెమ్మాండంగా ఉందండి" అన్నాడు.

నా గోడు చెప్పాను, ఆగితే ఎక్కుతుంది, నడిస్తే దిగుతుంది అని. ఆయన మొట్టమొదటిసారి కుర్చీలోంచి లేచాడు.

"ఏ బండయినా నడిత్తే ఎక్కాలండి, ఆగితే దిగాలండి. ముప్పయ్యేళ్ళ సర్వీసులో తిరగబడ్డ బండి చూళ్ళేదండి."

"ఏం చెయ్యమంటారు?"

"అన్నవరం తీసుకెళ్ళి పూజ చేయించండి" అని మళ్ళీ కూచున్నాడు. ఆ రోజు ఆయన ఖర్చు పెట్టిన మాటలకి నెల రోజులు మౌనం పట్టి ఉంటాడు.

అన్నవరం వెళ్ళే టైము లేదు. శనివారమంతా వైర్లన్నీ విప్పి, ఒక్కొక్కదాన్నీ గోరుతో గీకి, మళ్ళీ చుట్టాను. మా ఆవిడ అటూ ఇటూ తిరుగుతూ చూస్తోందే గాని మోపెడ్ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే భయంగా ఉంది. పడుకునే ముందు మాత్రం, "చేతులకి ఆ నల్లది పోవాలంటే కొబ్బరినూనె రాసుకోండి" అని గిన్నె పక్కన పెట్టి వెళ్ళింది.

ఆదివారం పొద్దున్నే మళ్ళీ గట్టెక్కాను. ఆ రోజు ఏమైనా సరే సూది మీంచి చూపు తిప్పకూడదని నిశ్చయం. కాని మా గట్టు సంగతి చెప్పాలి మీకు. ఒక పక్క కాలవ, ఒక పక్క అరటి తోటల పల్లం, మధ్యలో పంచె వెడల్పు దారి. మిగతావాళ్ళకి కాలవలో నీళ్ళే కనిపిస్తాయి. నాకు రిజిస్టరు కనిపిస్తుంది. ఫలానా మైలురాయి దగ్గర ఎనిమిదడుగుల మూడంగుళాలు, ఫలానా తూము దగ్గర పదడుగులు, అని అంకెలతో సహా. లోతు తెలిసినవాడి భయం లోతు తెలియనివాడికి ఉండదు. అందుకని ఆ గట్టు మీద బండి నడిపినన్నాళ్ళూ నేను ప్రాణం అరచేతిలో, ఎడంకాలు బ్రేకు మీద పెట్టుకునే నడిపాను.

సూది చూస్తూ పోతున్నాను. మైనస్. ఇంతలో తూము పక్కనుంచి మా లస్కరు సైకిలు మీద అడ్డంగా వచ్చాడు. గట్టిగా బ్రేకు వేసి ఆపాను. ఆపీ ఆపగానే వెనక నుంచి ఒక దెబ్బ. తిరిగి చూస్తే రావులపాలెం మార్కెట్టుకి సైకిలు మీద ఆరు గెలలు వేసుకెళ్తున్న మనిషి నా వెనక చక్రానికి గుద్దుకుని, గెలలతో సహా కింద కూచుని ఉన్నాడు.

"ఏమయ్యా, బ్రేకు లైటు కనపళ్ళేదా?" అన్నాను.

"ఏ లైటండి?"

"వెనకాల! ఎర్రగా! బ్రేకు వేస్తే వెలుగుతుంది!"

"అదాండి!" అని నవ్వాడు. "అది మీరు ఇంటికాడ బయలెల్లినకాడ్నించీ ఎలుగుతానే ఉంటది గదండి!"

నేను సీటు మీంచే వెనక్కి వంగి ఆ లైటు చూడబోయాను.

"మొదట్లో మీరు ఆగుతున్నారేమోనని నేనూ కాళ్ళు ఆనించేవోణ్ణండి. మీరు ఆగరు. లైటు ఆరదు. నాలుగు రోజులు చూసి ఇంక ఆ లైటుని నమ్మడం మానేశానండి. ఇయ్యాల నిజంగానే ఆగుతారని నాకేం తెలుసండి?"

"మొదట్లో అంటే ఎప్పుడు?"

"రెండేళ్ళయిందండి."

"రెండేళ్ళా! ఒక్క మాట చెప్పొద్దుటయ్యా?"

"బావుంటదేంటండి! పెద్దోరు, సరదాపడి పెట్టించుకున్నారేమో అనుకున్నానండి."

కాలవ మెట్ల మీద బట్టలుతుకుతున్న ఆవిడ చీర పిండుతూ, "మేవూ అంతేనండి గుమస్తాగారూ. దీపం కొండెక్కకుండా తిప్పుతున్నారు గదా, ఏదో మొక్కు అనుకున్నాం. మొక్కు సంగతి అడక్కూడదు గదండి" అంది.

మా లస్కరు తల గోక్కుంటూ, "మన ఆఫీసులో కూడా అందరికీ తెలుసండి. ఎర్రలైటు గుమస్తాగారంటే ఈ గట్టు మీద ఎవరైనా చెబుతారండి" అన్నాడు.

పదహారూళ్ళ జనం రెండేళ్ళుగా నా వెనకాల ఆ ఎర్ర దీపం చూస్తూ నడిచారు. నన్ను తోశారు, చెమటలు కార్చారు, నీరసం దేనివల్లో తలా ఒక సలహా చెప్పారు. లైటు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. పెద్దమనిషి సరదాని ఎత్తి చూపడం మా దగ్గర మర్యాద కాదు మరి. మొదట్లో ఎలాగో ఓర్చుకున్న బ్యాటరీని ఆ మర్యాదే చివరికి పీల్చి పిప్పి చేసింది.

ఇంజను ఆడుతూనే ఉంది. మీటరు మీద కళ్ళు పెట్టి ఎడంకాలు తీశాను. సూది ప్లస్‌లోకి ఎగిరింది. కాలు పెట్టాను. మైనస్‌లోకి పడింది. పెరట్లో స్టాండు మీద నేను పెడలు జోలికే పోలేదు. ఆపినప్పుడు కాలు నేల మీద ఉండేది. ఎక్కి కదిలితే చాలు, కాలు తన చోటికి తను వెళ్ళిపోయేది. గెలల మనిషిని బండి వెనక నేల మీద కూచోబెట్టి నలభైసార్లు చూపించుకున్నాను. అతను విసుక్కోకుండా "ఎలిగిందండి... ఆరిందండి... ఎలిగిందండి..." అని చెబుతూ గెలలు కట్టుకున్నాడు.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నదల్లా చేట పక్కన పెట్టింది.

"అంటే బ్యాటరీని తిన్నది మీ ఎడంకాలా?"

"అవును."

"నా మూడు సంతకాలూ మీ ఎడంకాలు తిన్నవేనా?"

"అదే."

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "రేపు తీసి ఉంచగలరా?" అని అడిగింది.

అదీ అసలు ప్రశ్న. తప్పు దొరికింది గదా అని పండగ చేసుకోడానికి లేదు, ఆ తప్పు చెప్పు తొడుక్కుని నాతోనే తిరుగుతోంది. బ్యాటరీ కొట్టాయన బాగుచేసే వస్తువు కాదది. మధ్యాహ్నం అంతా గట్టు మీద అభ్యాసం చేశాను. మైలు పోయేసరికి కాలు దానంతటది బ్రేకు మీదికి పాకేది, ఎండుచేప వాసన పట్టిన ఎలకలా. తువ్వాలుతో ఫుట్‌రెస్టుకి కట్టేద్దామనుకున్నాను. అలా కడితే ఆగాల్సినప్పుడు ఆగేది ఎలా? రిజిస్టరు గుర్తొచ్చింది. పదడుగులు.

సాయంత్రం చెప్పాను, కాలు నా మాట వినడం లేదని.

"నేను చూస్తాను లెండి" అంది.

"నువ్వెలా చూస్తావ్?"

"నేను కూచునేది ఎడమవైపు తిరిగే గదండీ. మీ కాలూ కాలవా రెండూ నా కళ్ళెదురుగానే ఉంటాయి."

నాకు అప్పుడు తట్టింది. రేవుకి వెళ్ళేటప్పుడు కాలవ ఎడమపక్క. నేను దారి చూస్తూ కాలవని తల్చుకుని భయపడ్డన్నాళ్ళూ, ఆవిడ కాళ్ళు కాలవ మీదికి వేలాడేసుకుని, తొమ్మిది కిలోమీటర్లూ ఆ నీళ్ళనే చూస్తూ, మరదలి నెయ్యి సంగతి చెబుతూ కూచుంది.

సోమవారం పొద్దున్న బండి మొదటి కిక్కుకి పలికింది. హారను మోగించాను. పిల్లికూన పోయి కోడెదూడ వచ్చింది. మా అమ్మ గుమ్మంలోకి వచ్చి, కోపం తీరకపోయినా, బండికి ఎదురు రాకుండా పక్కకి నిలబడింది. మా ఆవిడ కారేజీ ఒళ్ళో పెట్టుకుని, మడిచిన గొడుగు చేత్తో పట్టుకుని ఎక్కింది. గొడుగెందుకో మొదటి ఫర్లాంగులోనే తెలిసింది.

"కాలు!" అని గొడుగు పిడితో భుజం మీద ఒక్కటి.

తీశాను. మిల్లు దాటాం.

"కాలు!"

తీశాను. తూము దాటాం. ఆ రోజు కలలూ లేవు, నెయ్యీ లేదు, హెడ్మాస్టరూ లేరు. తొమ్మిది కిలోమీటర్లూ ఒకటే మాట. నేను పళ్ళు బిగించి, ఎడంకాలి వేళ్ళు చెప్పులో ముడుచుకుని, సూదికేసి ఒక చూపు, దారికేసి ఒక చూపు వేస్తూ నడిపాను. బట్టలుతికే ఆవిడ లేచి నిలబడి, "కాలండీ గుమస్తాగారూ!" అని తనూ కేకేసింది. గెలల మనిషి వెనకాల్నించి, "ఆరిందండి! ఆరిందండి!" అని ఊరేగింపులో బాకా ఊదినట్టు చెబుతూ కొంత దూరం వచ్చాడు. రేవు చేరేదాకా సూది ప్లస్‌లోనే ఉంది. తొయ్యడానికి అలవాటుపడ్డ వాళ్ళు దారి పక్కన పంచెలు ఎగ్గట్టి సిద్ధంగా ఉన్నారు. పాపం, నిరాశపడ్డారు.

పంటు కదలడానికి ఇంకా పది నిమిషాలుంది. నేను బండి దిగి, కాలరు సర్దుకుని, ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని బల్ల మీదికి ఎక్కించి, గట్టు మీద రాజమండ్రి బ్రిడ్జి స్తంభంలా నిలబడ్డాను. ఆ రోజు ఇన్‌స్పెక్టరు గారి కన్నా ముందు ఆవిడ సంతకం పడింది. మోపెడ్ రావులపాలెంలోనే ఉండిపోయింది.

ఇంక ఒప్పుకోవాల్సింది ఒకటి మిగిలింది. పుష్కరాల చెంబు నిజమే, ఇప్పటికీ మా దేవుడి గదిలో ఉంది. గెలల మనిషి నిజం, అయితే గెలలు ఆరు కాదు, నాలుగు. పెళ్ళికొడుకు తోసిందీ నిజమే, బాసికం మాత్రం జేబులో పెట్టుకున్నాడు. నలభై మంది ఇల్లు పదకొండు మందికి దించుకోండి. ఇవన్నీ సాగదీసినవి. పిండి లేకుండా తీసిన రేకు ఆ పది నిమిషాలు. దాన్ని నేను ఆ సాయంత్రమే మా అమ్మకీ, తమ్ముడికీ చెప్పి, ఇన్నేళ్ళుగా అదే చెబుతూ వచ్చాను.

నిజానికి మేం రేవులోకి దిగేసరికి పంటు కదిలిపోయింది. బండి తప్పు లేదు, నాదే. బ్రేకు మీద కాలు లేని భయానికి దారి పొడుగునా స్పీడు పదిహేను దాటనివ్వలేదు నేను. గెలల మనిషి మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయాడు కూడా. ఒడ్డుకీ పంటుకీ మధ్య రెండు బారల నీళ్ళున్నాయి. నేను గట్టు మీద బండి మీదే ఉండిపోయాను. మా ఆవిడ మాత్రం దిగి, కుచ్చెళ్ళు ఎగదోపి, చెప్పులు చేత్తో పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి నడిచి నిలబడింది. ఆ పంటు వెనక్కి రావడం అంతకు ముందుగానీ తరవాతగానీ ఎవరూ చూడలేదు. ఆ రోజు వచ్చింది. పంటు నడిపే సరంగు గెడ వేసి ఆపి, "టీచరుగారు! ఎర్రలైటు గుమస్తాగారి తాలూకండి!" అని అందరికీ చెప్పి, బల్ల దించి ఎక్కించుకున్నాడు.

పంటు నడిపాయలోకి వెళ్ళాక ఆవిడ నాకేసి తిరిగింది. గాలికి చీర చెంగు సరిచేసుకుంటూ, పంటు మీద ఉన్నవాళ్ళూ, రేవులో ఉన్నవాళ్ళూ, అవతలి ఒడ్డున ఎదురుచూస్తున్నవాళ్ళూ అందరూ వినేలా, గట్టు మీద మాట్లాడుకునే గొంతుతోనే అరిచింది.

"రేపు పావుగంట ముందే బయల్దేరదామండీ! రాత్రి కలొచ్చింది, చెప్పాలి!"